కౌజు పిట్టల పెట్టె

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. గుంటూరులో నర్సింగ్ చదివే రోజుల్లోనే శవాలకు స్నానం చేయించాను, గుడ్డలు చుట్టాను, ఒక్కదాన్నే స్ట్రెచర్ తోసుకుంటూ మార్చురీ దాకా వెళ్లాను. ఆస్ట్రేలియా వచ్చాక కూడా అదే ఉద్యోగం. పోయినవాళ్లు లేచి వచ్చి ఎవరినైనా పలకరించడం నేనెప్పుడూ చూడలేదు. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. దయ్యం, చేతబడి లాంటి మాటలు మా ఇంట్లో వినపడేవి కావు.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా భయం కాదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కలిగేది సిగ్గు.

ఎనభయ్యో దశకం చివర్లో మేము టూవూంబాలో ఉండేవాళ్లం. కొండ అంచున ఊరు. చలికాలం పొద్దున్నే పొగమంచు వీధుల్లోకి వచ్చేసేది. మా ఆయన ప్రసాద్ అక్కడి కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవారు. నేను ఆసుపత్రిలో నర్సుని. మా అమ్మాయి షీలా అప్పటికి ప్రైమరీ స్కూల్లో ఉంది. మాది అద్దె ఇల్లు, పాతకాలపు చెక్క ఇల్లు. వెనక పెరడు, ఎర్రమట్టి. ప్రసాద్‌కి కూరగాయలు పండించడం సరదా. ఆ ఊళ్లో తెల్ల ముల్లంగి దొరికేది కాదని ఆయనే ఒక మడి వేశారు. ఆదివారాలు ముల్లంగి పులుసు చేసుకునేవాళ్లం.

మా పక్కింటావిడ మార్జరీ గారు. డెబ్బై దాటిన మనిషి, భర్త పోయి చాలాకాలమైంది. మేము ఇంట్లో దిగిన రోజే ఒక పళ్లెం నిండా లామింగ్టన్లనే చాక్లెట్, కొబ్బరి కేకు ముక్కలు పట్టుకొచ్చి, కట్టెల హీటర్ ఎలా వెలిగించాలో చూపించి వెళ్లారు. ఆ ఊళ్లో నాకు దగ్గరైన మొదటి మనిషి ఆవిడే. నేను ‘మార్జరీ ఆంటీ’ అనేదాన్ని. ఆ పిలుపు ఆవిడకు తెగ నచ్చేది.

ఒక చలికాలం ఆవిడకు తుంటి ఆపరేషన్ నిర్ణయమైంది. ఆ తర్వాత నడక అలవాటు చేసే వార్డులో చాలా వారాలు ఉండాలి. వెళ్లే ముందు ఒక మధ్యాహ్నం ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన మూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

“సుగుణా, ఇది నీ దగ్గర ఉంచు. ఇల్లు ఖాళీగా ఉంటుంది కదా,” అన్నారు.

“హెలెన్‌కి ఇవ్వచ్చు కదా ఆంటీ?” అన్నాను. హెలెన్ ఆవిడ కూతురు, బ్రిస్బేన్‌లో ఉంటుంది.

“వద్దు. నీ దగ్గరే నయం,” అన్నారు, గుడ్డ కొసలు సర్దుతూ.

విప్పి చూస్తే జపాన్ పనితనం ఉన్న లోహపు పెట్టె. అరచేతి కన్నా కాస్త పెద్దది, నాలుగు పలకలు. ఆవిడ మామగారు ఉన్ని వ్యాపారి. వ్యాపారం పని మీద ఓడలో జపాన్‌లోని కోబె రేవుకు వెళ్లి, భార్య కోసం కొన్నారట. అప్పటికే అది పాతదట.

నేను నగలు ఎరుగుదును గానీ అలాంటి పని ఎక్కడా చూడలేదు. పెట్టె ఒళ్లంతా నలుపు. వెలుతురులో తిప్పితే ఆ నలుపులో పండిన నేరేడు పండు తోలు మీద కనిపించే నీలం, ఊదా కదిలేవి. మూత మీద రెండు కౌజు పిట్టలు, వాటి మీదికి వంగిన కొర్ర కంకులు. పిట్టల ఈకలు ఒక్కొక్కటీ విడిగా పొదిగారు. కొన్ని బంగారం, కొన్ని వెండి, కొన్ని ఎర్రటి రాగి. వేలితో తడిమితే ఎక్కడ ఒక లోహం అయిపోయి ఇంకోటి మొదలైందో తెలిసేది కాదు. కంకి గింజలు మాత్రం చెయ్యికి తగిలేవి. ప్రసాద్ భూతద్దం పెట్టి చూస్తే పిట్ట కంటి చుట్టూ వెంట్రుకంత సన్నటి బంగారు వలయం ఉంది. పెట్టె తిరగేస్తే అడుగున, ఎవరూ చూడని చోట, ఒక కీచురాయి. దానికీ మీసాలు వెండి తీగలే.

ఒక్కటే లోపం. మూత మీద నలుపు చాలాచోట్ల పోయి, శోభి మచ్చల్లా పాలిపోయిన రాగి రంగు బయటపడింది. ఒక పిట్ట పొట్ట దగ్గర మరీ ఎక్కువ. ఎవరో ఎప్పుడో గట్టిగా తోమినట్టుంది. “అయ్యో, ఎవరు పాడుచేశారో,” అన్నారు ప్రసాద్. మూట కట్టి మా పడకగది బీరువాలో పెట్టాను.

తర్వాత కొద్దిరోజులకు ఇంట్లో ముల్లంగి వాసన మొదలైంది.

ఉడికిన వాసన కాదు. పచ్చి ముల్లంగి కోరితే వచ్చే ఘాటు, దాని వెనక కాస్త కాగిన రాగి వాసన. మొదట పట్టించుకోలేదు. పెరట్లో మడి ఉంది, వంటింట్లో పులుసు కాగింది, వాసన రాకేం చేస్తుంది అనుకున్నాను. కిటికీలు తీసి పెట్టాను. పులుసు చేయడం మానేశాను. వాసన తగ్గకపోగా ఎక్కువైంది.

ఒకరోజు మా వార్డు చార్జి సిస్టర్ నన్ను పక్కకు పిలిచి తలుపు మూసింది. మంచి మనిషి. ఎలా మొదలుపెట్టాలో తెలియక చేతి గడియారం సరిచేసుకుంది.

“మీ వంటలు నాకు ఇష్టమే, అది వేరే సంగతి. కానీ పేషెంట్లు అంటున్నారు. యూనిఫాం ఇక్కడే ఉంచుకుని ఇక్కడే మార్చుకోకూడదూ?” అంది.

ఆ గదిలో నిలబడ్డ నాకు కాళ్ల కింద నేల కనపడలేదు. ఆ దేశంలో మాలాంటివాళ్లం కొద్దిమందిమే ఉన్న రోజులవి. బట్టలకు వంట వాసన అంటుకుంటుందేమోనని ప్రతి తల్లీ జాగ్రత్తపడేది. నేను మరీ ఎక్కువ. బయటికి వెళ్లే బట్టలు వంటింటికి దూరంగా, తలుపు వేసిన గదిలో ఆరేసేదాన్ని. అలాంటి నన్ను పిలిచి నీ దగ్గర వాసన వస్తోందని చెప్పింది. థాంక్యూ సిస్టర్ అన్నాను. అదే సిగ్గు, నేను థాంక్యూ అన్నాను.

ఆ రోజు నుంచి ఆసుపత్రిలోనే స్నానం చేసి, అక్కడే ఉతికిన యూనిఫాం వేసుకునేదాన్ని. అయినా మధ్యాహ్నానికి నా చేతుల్లోంచి అదే వాసన. మందుల ట్రే పట్టుకుని మంచం దగ్గరికి వెళితే ముసలాయన ఒకాయన మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

షీలా స్నేహితురాలు ఆడుకోవడానికి వచ్చి ముక్కు మూసుకుంది. “మమ్, ఇట్ స్టింక్స్. ఐ టోల్డ్ యూ,” అని మా పిల్ల ఏడ్చింది. ఆ తర్వాత ఎవరినీ ఇంటికి పిలవలేదు.

మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. బ్రిస్బేన్ నుంచి రెండు తెలుగు కుటుంబాలు వచ్చాయి. తెనాలి వైపు ఆంటీ ఒకావిడ కోటు విప్పకముందే, “ఏంటమ్మా సుగుణా, ఇంత చలిలో ముల్లంగి పచ్చడి నూరావా ఏంటి? కళ్లు మండుతున్నయ్యే!” అని నవ్వుతూ కిటికీలు తీసేసింది. అందరూ నవ్వారు. ఆ పూట వండింది కోడి పలావు. నేనూ నవ్వాను. ప్రార్థనలో తల వంచుకుని దేవుణ్ణి ఏం అడిగానో చెబితే మీరూ నవ్వుతారు. ఈ వాసన పోనీ తండ్రీ, అంతే.

వాళ్లు వెళ్లాక ప్రసాద్‌తో, “ఏవండీ, ఆ మడి పీకెయ్యండి, మీకు దణ్ణం పెడతా,” అన్నాను. ఆయన పార తీసుకుని మొత్తం పీకి, మట్టి తిరగేసి, దుంపలన్నీ కారులో వేసుకుని ఊరి చెత్త పారబోసే చోట వదిలి వచ్చారు. ఇంట్లోగానీ పెరట్లోగానీ ఒక్క ముల్లంగి ఆకు కూడా మిగల్లేదు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను.

వాసన అలాగే ఉంది.

అది బీరువాలోంచి వస్తోందని అప్పుడు గానీ తెలియలేదు. చీర కోసం తలుపు తెరిస్తే ఎవరో మొహాన కొట్టినట్టు వచ్చింది. మూట విప్పి పెట్టెని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చల్లటి లోహం, ఏ వాసనా లేదు. కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేస్తే గదంతా ముల్లంగి. ప్రసాద్‌ని పిలిచాను.

“లోహానికి వాసనేంటి సుగుణా,” అన్నారు. అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నారు.

తిరిగి ఇచ్చేద్దామని మార్జరీ గారి వార్డుకు వెళ్లాను. ఆపరేషన్ బాగా జరిగింది, నాలుగు కాళ్ల ఊతకర్రతో అడుగులు వేస్తున్నారు. ఇన్నేళ్లు వాళ్లింట్లో దాచుకున్న వస్తువు కంపు కొడుతోందని ఏ నోటితో చెప్పాలి? ఆవిడే అడిగారు.

“పెట్టె బాగుందా?”

“బాగుంది ఆంటీ.”

“ఇంకేం లేదా?”

“ఏం లేదు,” అన్నాను. ఆవిడ నా చేతులకేసి చూశారు. నేను మంచం నుంచి కాస్త దూరం జరిగాను.

తర్వాత ఒక శనివారం హెలెన్ ఫోన్ చేసింది. అమ్మ దగ్గరికి వస్తున్నాను, ఆ పెట్టెకి ఇన్సూరెన్స్ కోసం ఫోటోలు తీయించాలి, మధ్యాహ్నం వచ్చి తీసుకెళతాను అంది. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. ప్రసాద్ షీలాని ఈతకు తీసుకెళ్లారు. నేను అన్నం తిని, ప్లేట్ కడిగి, పడకగదిలోకి వెళ్లి పెట్టె మూట చేతిలోకి తీసుకున్నాను. బయట ఎండ. పక్కవీధిలో ఎవరో గడ్డి మిషన్ నడుపుతున్నారు. ఆ మోత నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాత గుర్తున్నది హెలెన్ గొంతు. “హలో? ఎవరూ లేరా?” అని.

నేను పడకగదిలో లేను. వెనకాల బట్టలుతికే రేకుల గదిలో, సిమెంటు తొట్టి దగ్గర నిలబడి ఉన్నాను. జుట్టు ఊడి మొహం మీద పడింది. చీర చెంగు తడిసి ఒంటికి అంటుకుంది. రెండు చేతుల్లో పెట్టె ఉంది, వేళ్లు దాని మూత మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. నేను తిప్పడం లేదు. ఆపుదామని అనుకున్నాక కూడా కాసేపు తిరిగి, అప్పుడు ఆగాయి. చేతులు తెల్లగా నాని, మంటపెడుతున్నాయి. ముల్లంగి ఘాటుకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

హెలెన్ గుమ్మంలో నిలబడి చూస్తోంది. దేన్ని ముందు చూడాలో తెలియనట్టు నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూసింది.

“ఏం చేశావు దాన్ని?” అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

తను ముందుకొచ్చి, చిన్నపిల్లను నీళ్లలోంచి తీసినట్టు పెట్టెని నా చేతుల్లోంచి తీసుకుని, తాడు మీది తువాలులో చుట్టుకుంది. “అది మా నానమ్మది,” అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. కారు వెళ్లిన చప్పుడు విన్నాక నేల మీద కూర్చుండిపోయాను.

ప్రసాద్ వచ్చేసరికి అలాగే ఉన్నాను. అంతా విని నా పక్కన కూర్చున్నారు.

“వాసన పోవాలని తోమావా? చెప్పు, ఏం పర్లేదు,” అన్నారు మెల్లగా.

పన్నెండేళ్లు నాతో కాపురం చేసిన మనిషి. ఆయన కూడా అదే అనుకున్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది?

తర్వాత ఆయన లేచి గది చూశారు. ఆ గది మూల పాతకాలంలో బట్టలు ఉడకబెట్టే పెద్ద రాగి కాగు ఉండేది, ఇటుకల్లో కట్టేసి. మేము దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు, లోపలంతా చిలుము పట్టి ఉండేది. ప్రసాద్ దాని మూత తీసి, “సుగుణా, ఇటు రా,” అన్నారు. సగం దాకా నీళ్లున్నాయి, ఆకుపచ్చగా. చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు. పొగలు కక్కేంత వేడి. కింద పొయ్యి తలుపు తెరిచారు. బూడిద లేదు, కట్టె లేదు. పొయ్యి నోటికి అడ్డంగా సాలెగూడు ఉంది, ఎక్కడా తెగలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ సాలెగూడు వంక చాలాసేపు చూశారు. ఇంట్లో ముల్లంగి తొక్క కోసం ఇద్దరం వెతికాం. లేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిపానో నాకే తెలియదు. ఆసుపత్రిలో మార్జరీ గారి వార్డు వైపు వెళ్లే నడవా మానేసి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. దొంగతనం చేసి పట్టుబడినవాళ్లు ఇలాగే నడుస్తారేమో అనిపించేది. చేతుల మీద చర్మం పొరలు పొరలుగా ఊడింది. గోళ్ల అంచుల్లో నీలి నలుపు చేరింది. ఎంత రుద్దినా పోలేదు, గోళ్లు పెరిగి కత్తిరించుకునేదాకా ఉంది. ఒక్కటి మాత్రం నిజం, వాసన ఆ శనివారంతో ఆగిపోయింది.

కొన్నాళ్లకు హెలెన్ ఫోన్ చేసింది. ఎంత నష్టం జరిగిందో తేల్చడానికి పెట్టెని పాత లోహపు వస్తువులు బాగుచేసే ఒకాయనకు చూపించిందట. ఆయన చాలాసేపు చూసి, దీనికి కొత్తగా రంగు ఎక్కించింది ఎవరని అడిగాడట.

“మచ్చలు లేవు సుగుణా. ఒక్కటి కూడా లేదు. నేను ఆ రోజు తడిలో సరిగ్గా చూడలేదు,” అంది.

ఆయన చెప్పిందంతా తను నాకు చెప్పింది. ఆ నలుపు పూసిన రంగు కాదట. రాగిలో కొంచెం బంగారం కలిపిన లోహం అది. అందులో సన్నటి గాడులు తొలిచి, లోపల వెడల్పు చేసి, వెండి బంగారు తీగల్ని సుత్తితో కొట్టి దిగ్గొడితే మళ్లీ ఊడి రావట. అంతా అయ్యాక రాగి చిలుము కలిపిన నీళ్లలో ఉడికిస్తే ఆ లోహం ఒక్కటే నల్లబడుతుంది, బంగారం బంగారంగానే ఉంటుంది. ఉడికించే ముందు తెల్ల ముల్లంగి కోరి, దాన్ని ఆ వస్తువు ఒంటినిండా రుద్దుతారట. లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుందట.

“ఆ రోజు నీ దగ్గర అదే వాసన వచ్చింది,” అంది హెలెన్. “ఎక్కడ నేర్చుకున్నావు? ఎవరి చేతనైనా చేయించావా?”

“నాకు తెలియదు,” అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినపడింది. తను నన్ను క్షమించమంది. పర్లేదు అన్నాను. ఫోన్ పెట్టేశాక తేలిక పడాల్సింది, పడలేదు. నింద పోయింది గానీ దాని చోట చెప్పుకోలేని ఇంకోటి వచ్చి కూర్చుంది.

మార్జరీ గారు కబురు పంపించారు. వెళ్లాను. వార్డు వరండాలో ఎండలో, మోకాళ్ల మీద రగ్గు కప్పుకుని కూర్చున్నారు. పక్క బల్ల మీద పెట్టె ఉంది. పిట్టలు ఆ నలుపులో ఇప్పుడే వాలినట్టున్నాయి. నేను దాన్ని సరిగ్గా చూడలేకపోయాను.

“ఆ మచ్చలు చేసింది నేనే,” అన్నారు ఆవిడ.

కొత్తగా పెళ్లై అత్తవారింటికి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఆ వాసన ఉండేదట. ఎక్కడి నుంచో ఎవరికీ అంతుపట్టలేదు. కొత్తగా వచ్చింది కోడలు కాబట్టి కోడలిదే అనుకున్నారు. ఒకసారి ఇంటినిండా చుట్టాలుండగా అత్తగారు ఈవిడ చంక దగ్గర గౌను పట్టుకుని వాసన చూసి, వెళ్లి ఒళ్లు కడుక్కుని రమ్మందట. ఆ వాసన పెట్టెదని ఈవిడ ఒక్కరికే తెలిసింది. ఎవరూ లేనప్పుడు ఇత్తడి సామాను తోమే పాలిష్ తీసుకుని, నలుపు ఊడేదాకా తోమారట. వాసన తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చలికాలం వచ్చినప్పుడల్లా వచ్చేది. ఆ రోజుల తర్వాత ఈవిడ ఎవరినీ చలికాలంలో భోజనానికి పిలవలేదు.

“హెలెన్ దగ్గర వాసన వస్తే అమ్మేస్తుందని భయపడ్డాను. నీకెందుకు ఇచ్చానో చెప్పనా?” అన్నారు.

నేను తలెత్తి చూశాను.

“మీ ఇంట్లో ఎలాగూ మసాలాల వాసన ఉంటుంది, ఇది అందులో కలిసిపోతుంది అనుకున్నాను. ఎవరూ పట్టించుకోరు అనుకున్నాను. సుగుణా, మా అత్త నన్ను అన్నదే నేను నిన్ను అన్నాను. నీకు వినపడకుండా అన్నాను, అంతే.”

కోపం రావాలి. రాలేదు. ఆవిడ ముందు నా ఒళ్లు నిజంగానే వాసన వస్తున్నట్టు, చేతులు రెండూ చెంగు కింద దాచుకున్నాను. ఆవిడ అది చూశారు. చూసి, మొహం రెండు చేతులతో కప్పుకున్నారు. టీ తెచ్చిన అమ్మాయి మా వాలకం చూసి కప్పులు పెట్టి వెళ్లిపోయింది.

చివరికి ఆవిడ పెట్టెని నా వైపు తోసి, “ఇది నీది,” అన్నారు. నాకు ఎంత ఇష్టంగా ఉందో, ఎంత ఆశగా ఉందో దేవుడికి తెలుసు. “మా ఇంట్లో చోటు లేదు ఆంటీ,” అన్నాను.

ఆవిడ ఇంటికొచ్చి, మేము మెల్‌బోర్న్ వెళ్లిపోయేదాకా మాకు పక్కింటావిడగానే ఉన్నారు. ముందులాగే రాకపోకలు. ఆవిడ పోయాక పెట్టె హెలెన్ దగ్గరికి చేరింది. వాసన మళ్లీ ఎప్పుడూ రాలేదట.

ప్రసాద్ ఇంజనీరు. లెక్క తేలకపోతే నిద్రపోని మనిషి. ఒంటి మీద తెలివి లేకుండా నువ్వే చేసి ఉంటావు, మనసు బాగా నలిగితే అలా జరుగుతుంది అని మొదట్లో అనేవారు. నేనూ నర్సునే, జరుగుతుందని నాకూ తెలుసు. కానీ నిప్పు లేకుండా నీళ్లు ఎలా కాగాయి? లేని ముల్లంగి ఎక్కడి నుంచి వచ్చింది? నాకు పేరు కూడా తెలియని ఆ పని నా చేతులకు ఎవరు నేర్పారు? కొన్నాళ్లకు ఆయన ఆ మాట ఎత్తడం మానేశారు.

నాకు ఇప్పటికీ ఏమీ తెలియదు. అది దయ్యమని ఈరోజుకీ అనను. ఒక్కటి చెప్పగలను. మా ఇంటికి ఎవరైనా వచ్చి, గుమ్మంలో అడుగుపెట్టి, ఏ కారణం చేతనైనా ఒక్క క్షణం ఆగితే, నా మొహం వేడెక్కుతుంది. వాళ్లు చెప్పులు విప్పుకోవడానికే ఆగుతారు. నేను మాత్రం ఊపిరి బిగబట్టి వాళ్ల ముక్కు వంకే చూస్తుంటాను.